నీ ఆవకాయ జాడీలు, నా ఇస్త్రీ చీరలు

రమా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ వారం కూడా నీ బ్లాగులో ఎవరో కొత్తగా వ్యాఖ్య పెట్టారు. చూసి నాకు ఒళ్లు మండింది.

బందరులో, ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని నేను రాయనిది లేదు. కవితలు, సినిమా సమీక్షలు, వంటలు రాశాను. ఊటీ ఫొటోలు కూడా పెట్టాను. ఒక్కరు పలకరిస్తే ఒట్టు. నువ్వేమో కోడూరు నుంచి అవనిగడ్డ బజారుకొచ్చి, కూరల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని, నెట్ సెంటర్లో నాలుగు ముక్కలు కొట్టేదానివి. తుఫాను హెచ్చరిక రాగానే మీ వీధి ఆడవాళ్లంతా ఆవకాయ జాడీలు చంకనేసుకుని బడి మేడ ఎక్కడం, గాలి తగ్గేదాకా ఒకరి జాడీలోది ఒకరు రుచి చూసి వంకలు పెట్టడం రాశావు. జనం విరగబడి చదివారు.

అలా ఎలా రాస్తావని అడిగితే, "నీ టపాలు ఇస్త్రీ చీరల్లా ఉంటాయే. కట్టుకున్నాక కూర్చోడానికి భయమేస్తుంది" అన్నావు. చాలా రోజులు నీకు ఫోను చెయ్యలేదు.

నిన్న ఆ మాటే నా బ్లాగులో రాశాను, నీ పేరుతో సహా. పొద్దున చూస్తే వ్యాఖ్యలే వ్యాఖ్యలు. నాకెప్పుడూ అన్ని రాలేదు. అన్నీ నీ గురించే. "ఆవిడ సంగతులు ఇంకా రాయండి మేడమ్" అంటున్నారు.

రాయడానికి నీ సంగతులు ఎందుకు లేవు? గుడివాడ హాస్టల్లో నా దుప్పట్లో దూరి నువ్వు చెప్పిన కబుర్లన్నీ అలాగే ఉన్నాయి.

రాయను. నిన్ను అందరూ చదివేశారు. మిగిలిందైనా నాకు ఉండనీ.