మేవిస్ ముక్కుకు అందాలి

ఆగస్టు 19
ముక్కు డాక్టరు చేతులెత్తేశాడు. జ్వరం పోతూ పోతూ మా ఆవిడ మేవిస్ ముక్కులో వాసన కూడా పట్టుకుపోయిందట. ఈ వయసులో ఇక రాదు, అలవాటు పడండి అన్నాడు. ఆవిడ సరేనంది. నేను అనలేదు. హెరెఫర్డ్ తోటల్లో, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్ పూలు కోసిన మనిషి ఆవిడ. ఆ పూలు ఆరబెట్టే బట్టీలో బతుకంతా చెమటోడ్చినవాణ్ణి నేను. ఆ ముక్కు తలుపులు బద్దలుకొట్టే బీరు నేను కాస్తాను.

ఆగస్టు 20, సాయంత్రం
కాచాను. హాప్ పూలు గుప్పిళ్లకొద్దీ మొదట్లోనే పడేసి బాగా మరగబెట్టాను. మా నాన్న అలాగే కాచేవాడు. సందు చివర పోస్టాఫీసు దాకా ఘుమఘుమలు. బట్టీలోనూ అంతే. ఊరికి వాసన తగిలిందంటే పని బాగా సాగుతున్నట్టే.

సెప్టెంబరు 8
సీసా తీశాం. చేదు. వాసన సున్నా. మా ఆవిడకే కాదు, నాకూ రాలేదు.
పక్కింటి డెన్నిస్ ప్రోబర్ట్ ఒక గుక్క తాగి నవ్వాడు. వాసనంతా సందుకి తాగించావు పెద్దాయనా, గ్లాసుకేం మిగిల్చావు అన్నాడు. అమెరికా హాప్స్ తెప్పించుకో, నీ కంచె మీద హాప్ తీగ పీకి మేకకి వెయ్ అన్నాడు. ముందు నీ నాలిక మేకకి వేస్తాను, పో అన్నాను.

సెప్టెంబరు 9
వాడి మాటలో సగం నిజం. వాడికి చెప్పను.

సెప్టెంబరు 10
మా ఆవిడ బఠాణీలు ఉడికించి, దించాక పుదీనా వేసి మూత పెట్టింది. వాసనే తెలీనిదానివి, నీకెందుకా తంటా అన్నాను. తినేది నువ్వు కాదూ, ముందే వేస్తే వాసనంతా ఆవిరికే పోతుంది, బట్టీలో నీ బుర్ర కూడా ఎండిపోయిందా ముసలోడా అంది.
చెంచా చేతిలోనే ఉండిపోయింది.

సెప్టెంబరు 12
కంచె మీద తీగ దించాను. బతుకంతా ఆరబెట్టిన చేతులు, పచ్చి పూలు వెయ్యనంటాయి. వేశాను. చేదుకి పిడికెడు పాత పూలు మొదట. పొయ్యి ఆర్పి, సెగ తగ్గాక పచ్చివి బుట్టెడు. వెంటనే మూత. మిగిలినవి సన్నసెగ మీద ఆరబెట్టి, గాలి చొరకుండా కట్టి దాచాను.
డెన్నిస్ వచ్చి ఇవాళ కాయలేదా, వాసనే రాలేదు అన్నాడు. నీకు రాకూడదనే అన్నాను.

సెప్టెంబరు 20
డ్రమ్ములో పులుస్తున్న బీరు పొంగు అణిగింది. దాచిన పూలు గుడ్డసంచిలో కట్టి అందులో దించాను.

సెప్టెంబరు 22
మూత ఎత్తి చూడమని చేతులు పీకుతున్నాయి. ఎత్తను.

అక్టోబరు 9
గ్లాసులో పొయ్యగానే ఆ వాసనకి వంటిల్లు వంటిల్లంతా హాప్ కోతల రోజైంది. డెన్నిస్ ముక్కు గ్లాసులో పెట్టి తియ్యలేదు. అమెరికావేనా అన్నాడు. మేక తినగా మిగిలినవి అన్నాను.
మా ఆవిడ గ్లాసు పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. చల్లగా బాగుంది అంది. అంతే. నా మొహం చూసి, పోనీలే, నువ్వు ఓడిపోయినట్టు కాదు అంది.
కాదు. మళ్లీ కాస్తాను. కాస్తూనే ఉంటాను.

అక్టోబరు 17, పొద్దున
మేవిస్ మోచేత్తో పొడిచి లేపింది. తడిసిన గొర్రెలా కంపు కొడుతున్నావు, లేచి స్నానం చెయ్ అంది.
చెయ్యను.