కోడలు తీస్తున్న కొలత

చిట్టితల్లికి నాన్న దీవెనలు. మేమిద్దరం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

నా అనుమానమంతా మీ వదిన మీదే. ఈమధ్య మేం సాయంత్రం నడకకి బయల్దేరితే చాలు, బాల్కనీలో నిలబడి వాచీ చూస్తోంది. జన్మంతా దర్జీ పని చేసినవాణ్ణి, నా కొలతలు ఎవరైనా తీస్తుంటే తెలీదా? ముసలాడికి మతి పోయిందని తేల్చి, హాల్లో చోటు తినేస్తున్న నా కుట్టుమిషను అమ్మించేస్తుందనుకున్నాను.

నిన్న ఇద్దర్నీ ఆస్పత్రికి తీసుకెళ్లింది. పెద్ద వయసులో నడక మందగిస్తే ఒక్కోసారి బుర్రా మందగిస్తుందట. డాక్టరమ్మ వరండాలో నడవమంది. "మామయ్యా, అత్తయ్య చెయ్యి వదిలేసి ఎవరికి వారు నడవండి" అంది కోడలు. పంతం కొద్దీ బాణంలా వెళ్లాను. చివరికెళ్లి తిరిగి చూస్తే మీ అమ్మ ఇంకా సగం దూరం కూడా రాలేదు. ఇన్నాళ్లూ ఆమెతో అడుగు కలపడానికి నేనే ఆగి ఆగి నడుస్తున్నానని నాకే తెలీలేదు. ఇంకా పరీక్షలున్నాయి, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది డాక్టరమ్మ.

మీ అమ్మ పక్కనుంటే ఫోనులో అడగలేక రాస్తున్నాను. నీతో మాట్లాడేటప్పుడు అడిగిందే అడుగుతోందా? నువ్వూ నా దగ్గర దాస్తున్నావేమో. నిజం రాయి, కవరులో పెట్టి పంపు. అల్లుడుగారి దగ్గు తగ్గిందా? నీకు పంపిన నా పెద్ద కత్తెర సాన పట్టించావా?

మీ అమ్మ ఆశీస్సులు రాయమంది, రాశాను. ఇప్పుడే మళ్లీ వచ్చి "నా ఆశీస్సులు రాయవేం?" అంది. అందుకని ఇంకోసారి, మీ అమ్మ ఆశీస్సులు.