కోకో కత్తి

అమ్మాయ్ సెర్వా,

మనలో మేనల్లుళ్ళ, మేనకోడళ్ళ చదువు మేనమామ బాధ్యత. నన్ను కుమాసీ పట్నంలో వ్యవసాయ కాలేజీకి పంపుతానని మా మామ అదుసెయ్ అందరి ముందూ మాటిచ్చాడు. మీ అమ్మ పకపకా నవ్వి, “కోకో కాయలు కొట్టేవాడికి కాలేజీ ఎందుకు మామా? కత్తి కొనివ్వు, చాలు!” అంది. ఆయన కత్తే కొనిచ్చాడు.

ఇప్పుడు నీకు వ్యవసాయ వ్యాపారంలో సీటు వస్తే, “తోట ఉండగా డిగ్రీ దేనికే?” అని మీ అమ్మ అంటోందట. తోట మనదే గాని ధర మనది కాదు. ఆ చదువు చదివినవాళ్ళే కొనుగోలు సంస్థల్లో, చాక్లెట్ ఫ్యాక్టరీల్లో కూర్చుని ధర నిర్ణయిస్తున్నారు. నువ్వూ వెళ్ళి అక్కడ కూర్చో. మేనమామను నేనున్నాను, ఫీజు నేను కడతాను.

అదుసెయ్ మామ మీద కోపం ఎప్పుడో పోయింది. ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించు. నా చదువు చెడగొట్టిన మనిషి ఆయన కాదు, మీ అమ్మే, నా చెల్లెలు పోకువా.