గుంతలోకి వదిలిన సెన్సర్

అన్నయ్యా,

అరకులో కాఫీ పళ్ల తొక్కు కుళ్లే గుంతలో ఊపిరాడక నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. ఈరోజు అదే గుంత శుభ్రం చేయడానికి తోటవాళ్లు మన పక్కింటి సోములును పిలిచారు. ల్యాబులో జింక్ ఆక్సైడ్‌ను వెంట్రుకకన్నా సన్నని కడ్డీలుగా పెంచి నేను చేసిన సెన్సర్‌ను తాడుకు కట్టి లోపలికి వదిలాను. విషవాయువు తగలగానే కీచుమని మోగింది.

"ఆటబొమ్మకి బయపడతావేటి? బేగి దిగరా!" అంటూ తోట మేనేజరు సోములును మెడబట్టి గుంతవైపు తోశాడు.

నేను మేనేజరు చొక్కా పట్టి వెనక్కి ఈడ్చాను. వాడు నా మూతి పగలగొట్టాడు. రక్తం ఉమ్మి, వాడి తల మీదికే పార ఎత్తాను. సోములు నా చేయి ఒడిసి పట్టాడు.

"ఒద్దక్కా! నాను దిగను. ఇంకెవలూ దిగరు."

మిగతా కూలీలు గుంతలోని నిచ్చెనను పైకి లాగి ముక్కలు చేశారు.

సాయంత్రం సోములు తన కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.