స్రవంతి పండించిన వడ్లు

రాజవ్వా,

ఈ రోజు జగిత్యాల వెళ్లి, మన బిడ్డ పరిశోధన చేసే వ్యవసాయ కాలేజీ చూసి వచ్చాను. తిరుగు బస్సులో కోరుట్ల దాకా పక్కవాళ్లందరికీ చెప్పాను. అయినా నా తనివి తీరలేదు, నీకు చెప్పలేదు కదా.

మొగి పురుగు కాడను తొలిచేస్తే గింజ పట్టక తాలుపోయిన తెల్ల కంకులు పట్టుకుని నువ్వు మన పొలంలో ఏడ్చావు. ఆ పురుగుకు లొంగకుండా వరి జన్యువునే మార్చిందట మన స్రవంతి. అద్దాల గదిలో అన్నీ నిండు కంకులే, బంగారంలా ఉన్నాయి. ఒక్క తెల్ల కంకి కనిపిస్తే ఒట్టు.

రేపు పెత్తరమాస, పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. అందుకే అడిగాను.

"బిడ్డా, రెండు దోసిళ్ల వడ్లియ్యి. దంచి అమ్మ పేరు మీద ఇస్త."

"గివి బయటికి పోవద్దు బాపు. పరీక్షలన్నీ అయ్యేదాక ఎవ్వరు తినద్దు. పనైనంక మేమే కాలవెడ్తం."

"మీ అమ్మ తింటే ఏమైతది? ఆమెకు ఇంక కొత్తగ అయ్యేదేముంది బిడ్డా?"

స్రవంతి నవ్వబోయి అద్దం వైపు తిరిగింది.

"నాకు మాత్రం పెట్టాలని ఉండదా బాపు? ఫస్టు అమ్మకే పెడ్దామని అనుకున్న," అంది.

ఇంకేం అడగను? తల నిమిరి వచ్చేశాను.

రేపు అయ్యగారికి దుకాణంలో కొన్న బియ్యమే ఇస్తాను. ఏమీ అనుకోకు. బిడ్డ గెలిచింది రాజవ్వా. ఆ కంకులను మనిద్దరిలో నేనొక్కణ్ణే చూశాను.