తమ్ముడు వద్దన్న ఇల్లు

అలబామా రాష్ట్రం, డన్‌మోర్ పట్టణంలో బడి వంటమనిషిగా పనిచేసి రిటైరైన నేను, వెర్డెల్ పింక్‌స్టన్, మోకాళ్లు తప్ప అన్నీ సవ్యంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, బుద్ధిపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. ఇంతకుముందు రాయించినవి చెల్లవు.

1. నా ఇనప మూకుడు చనిపోయిన మా చెల్లెలి కూతురు ఓరాకు. దాన్ని సబ్బుతో తోమితే ఊరుకోను.

2. చర్చి పెద్ద హోసియా గ్రైమ్స్ కుటుంబానికి ఏమీ లేదు. 1960లో నల్లవాళ్లను రానివ్వని హోటల్లో మేం కూర్చుని నిరసన తెలిపే ముందు సాధన చేసుకోవడానికి చర్చి నేలమాళిగ అడిగితే, తెల్లవాళ్లతో మనకెందుకమ్మా గొడవ అని మొహం చాటేశాడు. ఆ హోటల్ మమ్మల్నీ రానిచ్చాక తీసిన ఫొటోలో మాత్రం ముందు వరసలో నిలబడ్డాడు. ఆ ఫొటో కావాలంటే పట్టుకుపోవచ్చు.

3. ఇల్లు. ఈ అంశం మార్పించినందుకు లాయరుగారు విసుక్కున్నారు, పాపం.

తెల్లవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టిన ఆ హోటల్లోకి వెళ్లి కూర్చునే ముందు, మా పెరటి షెడ్డులో సాధన చేసేవాళ్లం. తెల్లవాడి వేషం నాది. మావాళ్లనే తిట్టి, నెత్తిన కాఫీ పోసి, చెయ్యెత్తకుండా ఓర్చుకోగలరో లేదో చూసేదాన్ని. తమ్ముడు లూషియస్ వంతు వచ్చినప్పుడు మా అమ్మను తిట్టాను. వాడు పిడికిలి ఎత్తాడు. నువ్వు రావద్దని అందరి ముందూ చెప్పేశాను. అక్కడ మాలో ఒక్కరు చెయ్యి చేసుకున్నా అందరి ప్రాణాల మీదికీ వచ్చేది. ఈ రోజుకీ అది తప్పనుకోను. కానీ వాడు నా గుమ్మం తొక్కడం మానేశాడు. తమ్ముడు బతికుండగానే దూరమైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అందుకే ఇల్లు వాడికి రాయించి, లాయరు ఆఫీసుకు కబురు పెట్టాను. కర్ర పట్టుకుని వచ్చాడు, సాక్షి సంతకం తానూ పెడతానన్నాడు. ఆస్తి పుచ్చుకునేవాడే సాక్షి సంతకం పెడితే రేపు పేచీ వస్తుందని లాయరుగారు చెబితే, అయితే ఇల్లు వద్దన్నాడు.

"అక్కా, ఆ రోజు నీ పక్కన కూర్చోనివ్వలేదు. ఇల్లు నాకెందుకే, ఈ కాగితం మీదైనా నీతో ఉండనీ" అన్నాడు.

నేను ఏడ్చేశాను. ఇన్నాళ్ల బరువు దిగిపోయింది, ప్రాణం హాయిగా ఉంది.

కాబట్టి ఇల్లు ఓరాకే. మామయ్య ఎప్పుడొచ్చినా వేడి వేడి కాఫీ ఇవ్వాలి, కప్పులో.

4. ఇవన్నీ అమలు చేసే బాధ్యత రెవరెండ్ ఆంబ్రోస్ టిల్‌మన్‌ది. నా అంత్యక్రియల్లో ప్రార్థన క్లుప్తంగా ముగించమని మనవి.

1997 అక్టోబరు 14
(సంతకం) వెర్డెల్ పింక్‌స్టన్

ఆమె కళ్లెదుట, ఆమె పక్కన కూర్చుని సంతకం చేసిన సాక్షులు:
1. ఎఫీ స్లాటర్, పొరుగింటి ఆమె
2. లూషియస్ పింక్‌స్టన్, తమ్ముడు