పిచ్‌లో దిగిన తాళంచెవి

మెల్‌బోర్న్
డిసెంబరు, 1977

మామగారూ,

నేను ప్రైవేటు లీగులో చేరానని మీరు నాతో మాట మానేసి ఏడు నెలలయింది, అందుకే ఈ ఉత్తరం. "మా నాన్న చదవకుండానే పొయ్యిలో పడేస్తాడు చూడు" అంటోంది మోరీన్. పడేయకండి, మీ వస్తువొకటి నా దగ్గరుంది.

క్రికెట్ సంఘం మా లీగుకు ఒక్క మైదానమూ ఇవ్వనందువల్ల, నేను గాజు షెడ్డులో కాంక్రీటు తొట్లు కట్టి వాటిలో పిచ్ పెంచాను. మొన్న క్రేనుతో తెచ్చి ఫుట్‌బాల్ మైదానం మధ్యలో దించాం. "తొట్లలో టమాటాలు పెంచుతారు గానీ పిచ్‌లు పెంచుతారట్రా!" అని సంఘం మైదానంలో పిచ్‌లు తయారుచేసే క్యురేటర్‌గారైన తమరు పబ్బులో అందరినీ నవ్వించారని విన్నాను.

నిన్న భోజనం చేసి వచ్చేసరికి మా వాచ్‌మన్ డెస్మండ్ ఎదురొచ్చాడు. "ఎవరో ముసలాయనండీ, టోపీ కళ్లమీదికి లాక్కుని పిచ్ మీద మోకాళ్లేశాడు. ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకున్నా. కేకేసేసరికి ఒకటే పరుగు!" అన్నాడు.

వెళ్లి చూస్తే పిచ్‌లో ఒక తాళంచెవి నిలబడి ఉంది. పిచ్ ఎంత గట్టిపడిందో తాళంచెవి గుచ్చి చూడాలని నాకు నేర్పింది మీరే. దాని కొన మాత్రమే దిగింది, అయినా పీకడానికి పట్టకారు తేవలసి వచ్చింది. అది మీ మైదానం పెద్ద గేటుది.

సంఘానికి తెలిస్తే మీ ఉద్యోగం ఊడుతుంది కాబట్టి ఎవరికీ చెప్పలేదు, మోరీన్‌కి తప్ప. తనింకా నవ్వుతూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం గొర్రెమాంసం చేస్తోంది. వచ్చి తాళంచెవి తీసుకెళ్లండి. టోపీ అక్కర్లేదు.

క్షమాపణలూ అవీ ఏమీ వద్దు. ఒక్క ముక్క చెప్పండి చాలు: టమాటాలు గట్టిగానే ఉన్నాయా?

మీ అల్లుడు